ఆగినవాడి నిమిషాలు

గురువారం, రాత్రి 9:40

సౌదీలోని హాయిల్‌లో చలి మొదలైంది. పొద్దున నాలుగున్నరకు లేస్తే నల్లా నీళ్లు ముట్టుకోలేనంత చల్లగా ఉన్నాయి. చాయ్ తాగి, ట్యాబ్ పట్టుకుని క్యాంపు గేటు దగ్గర నిలబడ్డాను. అయిదున్నరకు బస్సులు కదలాలి, ఆరింటికి సైటులో పని మొదలవ్వాలి. నాది టైమ్ కీపర్ పని. నూట నలభై మంది ఎప్పుడొచ్చారు, ఎప్పుడెళ్లారు, ఎవరెంత ఓవర్‌టైమ్ చేశారు అన్నీ రాసి ఆఫీసుకు పంపాలి. జగిత్యాల నుంచి వచ్చి ఏడేళ్లయింది. అందులో అయిదేళ్లు ఈ పనే.

ఇవాళ బస్సెక్కింది నూట ముప్ఫై తొమ్మిది మంది. రానివాడు మా నిజామాబాద్ తమ్ముడు. ఒక్కరోజు లేటు లేని మనిషి. ఆరూ యాభైకి నీళ్ల ట్యాంకర్‌లో వచ్చి దిగాడు. చొక్కా చేతుల మీద రక్తం ఎండిపోయి ఉంది.

"పక్క రూం నేపాలీ పెద్దాయన బాత్రూంల జారి పడ్డడన్నా. తల పగిలింది. నర్సు వచ్చేదాంక తువ్వాల ఒత్తి పట్టుకుని కూసున్న. జర ఇడిస్తే చాలు, రక్తం కారుతనే ఉంది."

అరగంట దాటి లేటయితే సగం రోజు జీతం కట్. అది రూలు. నేను 6:50 అని కొట్టాను, ఆ గడి ఎర్రగా మారింది. తమ్ముడు దాన్ని చూశాడు. ఏమీ అనలేదు. హెల్మెట్ పెట్టుకుని, బెల్టు బిగించుకుని స్కాఫోల్డింగ్ ఎక్కిపోయాడు. ఒక మాట అడిగి ఉంటే నాకు ఇంత బరువుగా ఉండేది కాదు.

మధ్యాహ్నం కంటైనర్ నీడన టిఫిన్ డబ్బా విప్పితే ముద్ద దిగలేదు. ఎందుకో డకార్ ర్యాలీ గుర్తొచ్చింది. 1978 డిసెంబరులో పారిస్ నుంచి సెనెగల్‌లోని డకార్‌కు మొదలైన పందెం అది. 2009లో దక్షిణ అమెరికాకు పోయింది, 2020 నుంచి మా సౌదీలో జరుగుతోంది. పేరు మాత్రం మారలేదు. రెండు వారాలపాటు రోజుకు వందల కిలోమీటర్లు ఇసుకలో, రాళ్లలో బండి నడపాలి. కార్లు, ట్రక్కులు కూడా ఉంటాయి కానీ నాకు ఇష్టం బైకులే. కారులో ఇద్దరుంటారు. బైకు మీద మనిషి ఒంటరి. దారి తనే చదువుకోవాలి, తనే నడపాలి, పడితే తనే లేవాలి.

ఒకసారి దగ్గరగా చూశాను కూడా. 2025లో వాళ్ల విశ్రాంతి రోజు హాయిల్‌లోనే పడింది. మర్నాడు, జనవరి 11, శనివారం, ఇంకా తెల్లవారలేదు. మా బస్సు డీజిల్ కోసం బంకులో ఆగితే ఒక రైడర్ అక్కడ ఉన్నాడు. పేరున్నవాడు కాదు, చుట్టూ ఎవరూ లేరు. మోకాలి దగ్గర ప్యాంటు చిరిగి, దాని మీద వెండిరంగు టేపు అడ్డంగా నిలువుగా అతికించి ఉంది. గ్లవ్స్ తీసి రెండు అరచేతులూ ఇంజిన్‌కు ఆనించి వెచ్చబెట్టుకుంటున్నాడు. గోళ్ల సందుల్లో గ్రీజు. బంకులో పనిచేసే బంగ్లాదేశ్ కుర్రాడు తన ఫ్లాస్కులోంచి చాయ్ పోసిస్తే, ఆ కప్పును రెండు చేతుల మధ్య పట్టుకుని చాలాసేపు తాగకుండా నిలబడ్డాడు. సహాయకులు ఎవరూ లేకుండా వచ్చేవాళ్లకు ఈ పందెంలో వేరే విభాగమే ఉంది. పగలంతా నడిపి, రాత్రి తమ బండిని తామే విప్పి బిగించుకుని, రెండు మూడు గంటలు నిద్రపోయి మళ్లీ బయల్దేరతారు. ఆయన వాళ్లలో ఒకడేమోనని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

మధ్యాహ్నం నాకు గుర్తొచ్చింది మాత్రం ఆయన కాదు, పావ్లో గొన్సాల్వెస్. పోర్చుగల్ మనిషి, మన హీరో కంపెనీ జట్టుకు నడిపేవాడు. 2020 జనవరి 12న, రియాద్ నుంచి వాదీ అద్దవాసిర్ వెళ్లే స్టేజ్‌లో, అంటే ఆ రోజు పరుగులో, 276వ కిలోమీటర్ దగ్గర పడిపోయి చనిపోయాడు. నలభై ఏళ్లు. అప్పుడు నేను రియాద్ సైటులో ఉన్నాను. క్యాంటీన్‌లో ఒకరి ఫోన్‌లో వార్త చూస్తే రెండు రోజులు మనసు మనసులో లేదు. అంతకు అయిదు రోజుల ముందే బండి ఇంజిన్ చెడిపోతే, ఎడారిలోనే ఇంజిన్ మార్చుకుని ఆ స్టేజ్ పూర్తి చేశాడు. గెలిచే ఆశ అప్పటికే పోయింది. అయినా ఇంటికి పోతానని అనలేదు.

ఆయన పడినచోట ముందుగా ఆగింది టోబీ ప్రైస్. ఆస్ట్రేలియా వాడు, అంతకు ముందు ఏడాది పందెం గెలిచినవాడు, ఆ ఏడాదీ గెలుపు కోసం పోరాడుతున్నవాడు. బండి పక్కన పడేసి ఆయన దగ్గర కూర్చున్నాడు. స్లొవాకియాకు చెందిన స్టెఫాన్ స్విట్కో కూడా ఆగాడు. హెలికాప్టర్ దాకా మోయడానికి వాళ్లూ చెయ్యేశారు. ప్రైస్ అక్కడ గంటకు పైనే ఉన్నాడు. తర్వాత ఇంకా 270 కిలోమీటర్ల ఇసుక మిగిలి ఉంది. అదంతా ఏడుస్తూ నడిపాడు. మర్నాడు బైకుల స్టేజ్ రద్దు చేశారు. హీరో జట్టు పందెంలోంచి తప్పుకుంది.

ఇందులో నన్ను పట్టుకున్నది ఒక చిన్న సంగతి. ప్రైస్ అక్కడ గడిపిన సమయాన్ని నిర్వాహకులు అతని లెక్కలోంచి తీసేశారు. ఈ పందెంలో అది పద్ధతి. ప్రతి బండికీ ట్రాకర్ ఉంటుంది. ఎవరు ఎక్కడ ఎన్ని నిమిషాలు ఆగారో కంట్రోల్ గదిలో తెలుస్తుంది. పడినవాడి కోసం ఆగితే ఆ నిమిషాలు తిరిగి ఇచ్చేస్తారు. 2016లో ఇదే గొన్సాల్వెస్, ముందు వరసలో పోతూ, తొడ ఎముక విరిగి పడి ఉన్న ప్రత్యర్థి మథియాస్ వాల్క్‌నర్ కోసం ఆగాడు. ఆ సమయం ఆయనకూ తిరిగొచ్చింది. నాలుగేళ్ల తర్వాత ఆయన పడిపోతే ఇంకొకరు ఆగారు.

మా సైటులో పాలక్కాడ్ ఫోర్‌మన్ ఒకాయన ఉన్నాడు. ఈ పిచ్చి ఆయనకూ ఉంది. వాళ్ల షోరనూర్ కుర్రాడు హారిత్ నోవా 2024లో రెండో శ్రేణి రైడర్ల ర్యాలీ 2 విభాగం గెలిచి, బైకులన్నిటిలో పదకొండో స్థానంలో నిలిచాడని ఇప్పటికీ అందరికీ చెప్తాడు. ఒకసారి ఆయన అన్నాడు, టైమ్ వెనక్కి వస్తుందని తెలిస్తే ఎవడైనా ఆగుతాడు, అందులో గొప్పేముంది అని. నేను అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఇవాళ చెప్పగలను. గడియారంలో నిమిషాలు వెనక్కి వస్తాయి, అంతే. ఆగేసరికి ఒళ్లు చల్లబడుతుంది, పట్టు తప్పుతుంది. వెనకవాళ్లు ముందుకెళ్లిపోతే వాళ్ల దుమ్ములో నడపాలి. తన కళ్లముందే ఒక మనిషి ప్రాణం పోతుంటే చూసినవాడికి, ఆ తర్వాత దిబ్బ ఎక్కి అవతలికి దూకేటప్పుడు గుండె ఎలా ఉంటుంది? అది ఎవరు తిరిగిస్తారు? ఇక ఆ నిమిషాలు చిన్నవా అంటే, 2023లో కెవిన్ బెనవిదెస్ నలభై నాలుగు గంటలకు పైగా నడిపి ఇదే ప్రైస్ మీద గెలిచింది 43 సెకన్ల తేడాతో. అంత పోటీలో, ఆగినవాడు నష్టపోకూడదని ఒక రూలు రాసుకున్నారు. నాకు ఆ రూలు మీద చాలా గౌరవం.

ఇంకా ఇలాంటివి ఉన్నాయి. ముందు పోయేవాడు ఖాళీ ఇసుకలో దారి వెతుక్కుంటే వెనకవాళ్లు అతని చక్రాల జాడ పట్టుకుని వేగంగా వచ్చేస్తారు. ఒకరోజు గెలవడమే మర్నాటికి శిక్ష అయ్యేది. అందుకని దారి తీసినవాడికి ఇప్పుడు కొంత సమయం తగ్గిస్తున్నారు. దారి గుర్తులుండే రోడ్‌బుక్ ముందురోజు సాయంత్రం ఇచ్చేవారు. డబ్బున్న జట్లు మనుషుల్ని పెట్టి, ఉపగ్రహ చిత్రాలు చూసి, రాత్రంతా దారి కనిపెట్టి రైడర్‌కు రాసిచ్చేవి. సౌదీకి వచ్చాక బయల్దేరే ముందే చేతికివ్వడం మొదలుపెట్టారు. టేపు అతికించిన ప్యాంటు ఆయనకూ పెద్ద కంపెనీ రైడర్‌కూ ఒకే రోడ్‌బుక్, ఒకే సమయానికి.

సాయంత్రం క్యాంపుకు రాగానే స్నానం కూడా చేయకుండా నర్సు గదికి వెళ్లాను. ఆవిడ రిజిస్టర్ చూపించింది. ఫోన్ వచ్చింది 5:12కి. అప్పుడు ఆవిడ వేరే బ్లాకులో జ్వరం వచ్చినవాడి దగ్గర ఉంది. గదికి చేరింది 5:58కి. నలభై ఆరు నిమిషాలు. ఫోన్‌లో ఫొటో తీసుకున్నాను.

షీటు తెరిచి తమ్ముడి వరసలో రిమార్క్స్ గడి నొక్కాను. అయిదేళ్లలో ఆ గడిలో 'సిక్' అనీ 'లీవ్' అనీ తప్ప ఏమీ రాయలేదు. ఇవాళ రాశాను: గాయపడిన మనిషికి సాయంగా 5:12 నుంచి 5:58 దాకా, నర్సు రిజిస్టర్ ఫొటో జత చేశాను, ఈ 46 నిమిషాలు లేటులోంచి తీసెయ్యాలి, మిగిలిన లేటు 4 నిమిషాలు. ఆ నాలుగు ఉంచాను. అవి లేటే. పంపేముందు వేలు కాసేపు ఆగింది. పైవాళ్లు ఇదేం కొత్త అలవాటు అని అడగొచ్చు. అడిగితే చెప్తాను. పంపించేశాను. రేపు శుక్రవారం, ఆఫీసు ఉండదు. శనివారం పొద్దున దాకా షీటు తెరిచే ఉంటుంది.

తర్వాత నేపాలీ పెద్దాయన దగ్గరికి వెళ్లాను. తలకు ఏడు కుట్లు. గోడకు ఆనుకుని కూర్చుని గ్లాసులో పాలు తాగుతున్నాడు. నన్ను గుర్తుపట్టి, పొద్దున తన దగ్గర కూర్చున్న అబ్బాయికి హాజరు పడిందా అని హిందీలో అడిగాడు.

పడింది బాబాయ్ అన్నాను. ఎంత పడిందో చెప్పలేదు.