ఏడాది బొమ్మలు తేదీ వరుసలో పరిస్తే

ఆదివారం, సాయంత్రం.

రేపు తిరిగిచ్చెయ్యాల్సిన బొమ్మల ఫైలు ఒకటి బల్లమీద ఉంది. ఎనిమిదో తరగతి అమ్మాయిది. బడి తెరిచిన వారం నుంచి వార్షిక పరీక్షల ముందు దాకా గీసినవన్నీ అందులో ఉన్నాయి, కాగితాలు కొన్ని, ప్రింట్లు కొన్ని. అన్నిటినీ తేదీ వరుసలో నేలమీద పరిచాను. బాగా వచ్చినవాటినే ఏరి చూస్తే ఎదుగుదల తెలియదు. ఒకే వస్తువును వేర్వేరు నెలల్లో గీసినవి పక్కపక్కన పెట్టాలి. ఈ ఫైల్లో అలా మళ్లీ మళ్లీ కనిపించేది ఒక గాజు గ్లాసు.

మొదటి గ్లాసు మూతి రెండు కొసలూ మొనదేలి అచ్చం కన్నులా ఉంది. అడుగేమో స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంది. గ్లాసు బల్లమీద చదునుగా కూర్చుంటుందని బుర్రకు తెలుసు కాబట్టి చెయ్యి తిన్నటి గీత గీసేస్తుంది. కంటికి కనిపించేది వేరు. పైనుంచి చూస్తున్నప్పుడు మూతి కంటే అడుగు ఇంకా గుండ్రంగా తెరుచుకుని కనిపించాలి, ఎందుకంటే అది కంటి ఎత్తుకి మరింత కిందుంది. ఇక గుండ్రటి మూతి ఏటవాలుగా చూస్తే కనిపించే కోల ఆకారం, అంటే దీర్ఘవృత్తం, ఎంత సన్నదైనా దాని కొసలు గుండ్రంగానే తిరుగుతాయి, మొనదేలవు. మాటల్లో చెబితే అరనిమిషం పని, చేతికి రావడానికి నెలలు పడుతుంది. ముందు నిలువుగా మధ్యగీత వేసుకోవాలి. పెన్సిలు కాగితానికి తగలకుండా గాల్లో రెండు చుట్లు తిప్పి, ఆ ఊపులోనే మోచెయ్యీ భుజమూ కదిలేలా గియ్యాలి. మణికట్టుతో గీస్తే ఒకవైపు ఉబ్బుతుంది. కాగితాన్ని అడ్డంగా తిప్పి చూస్తే ఆ ఉబ్బు వెంటనే పట్టుబడుతుంది. రెండో టర్ము గ్లాసులో అడుగు సరిగ్గా తెరుచుకుంది. ఈ ఏడాది మొత్తంలో నాకు అన్నిటికంటే నచ్చిన బొమ్మ అదే, చూడ్డానికి ఏమంత అందంగా లేకపోయినా.

షేడింగ్ మొదట్లో అంతా మామూలు హెచ్‌బీ పెన్సిలుతోనే చేసింది. హెచ్‌బీ ఎంత నొక్కినా నలుపు రాదు, బూడిదరంగు మీద మెరుపొస్తుంది, కాగితం గుంట పడుతుంది. ఇంకా మెత్తగా, నల్లగా రాసే 2బీ, 6బీ పెన్సిళ్లు చేతికొచ్చాక ఛాయలు విడివడ్డాయి. తెలుపు నుంచి నలుపు దాకా ఐదు ఛాయలు చూపే ఐదు గళ్ల పట్టీ ఒకటి చేయిస్తే మేలు. తెల్లటి గడి వదిలేసి, ముందు అన్నిటికంటే నల్లటిది నింపాలి, తర్వాత నడిమిది, ఆపైన మిగతా రెండు. లేత నుంచి వరుసగా నింపుకుంటూ పోతే నాలుగో గడికే నలుపు అయిపోతుంది. వేలితో రుద్దడం మాత్రం మాన్పించాలి. చర్మం జిడ్డు గ్రాఫైటుతో కలిసి మచ్చ కడితే రబ్బరుకి కూడా పోదు.

ముఖాల సంగతి తొందరగా తేలింది. కళ్లు నుదుటి మీదకి ఎక్కి కూర్చునేవి. తల మొత్తం ఎత్తుకి సగంలో గీత వేసి కళ్లు దానిమీద పెట్టడం నేర్చుకోగానే సర్దుకుంది.

తర్వాత కంప్యూటర్‌కి తగిలించి బొమ్మలు గీసే టాబ్లెట్ వచ్చింది, స్క్రీన్ లేని రకం. గీసేది దానిమీద, బొమ్మ పడేది కంప్యూటర్ స్క్రీన్ మీద. వరుసలో ఇక్కడ బొమ్మలు ఒక్కసారిగా దిగజారినట్టు కనిపిస్తాయి. "కాగితం మీదే బాగా గీసేది కదా" అని ఇంట్లోవాళ్లు కంగారుపడేది ఇప్పుడే. చెయ్యి ఒకచోట, చూపు ఇంకోచోట ఉండటం వల్ల వచ్చే తడబాటు అది, కన్ను నేర్చుకున్నది ఎక్కడికీ పోలేదు. అయితే పిల్లను అనేముందు పరికరాన్ని చూసుకోవాలి. టాబ్లెట్ మీద గీసే చోటు వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 16:10, కంప్యూటర్ స్క్రీన్‌ది 16:9 అయితే గుండ్రం గీసినా కోలగా పడుతుంది. టాబ్లెట్‌ని నడిపే సాఫ్ట్‌వేర్ (డ్రైవర్) సెట్టింగుల్లో నిష్పత్తి కుదుర్చుకోవాలి. టాబ్లెట్ కాస్త వంకరగా పెట్టుకున్నా అడ్డగీతలన్నీ ఏటవాలుగా పోతాయి. గీత వణుకుతోందని, వణుకును సాపు చేసే స్టెబిలైజర్ బాగా పెంచితే గీత చేతి వెనక ఈడ్చుకుంటూ వస్తుంది, మూలలన్నీ మొద్దుబారతాయి. తక్కువలో పెట్టుకోవడమే నయం. అన్నిటికీ మించిన చేటు అన్‌డూ, అంటే వేసిన గీతను వెంటనే వెనక్కి తీసేసే సదుపాయం. ఒకే గీతను పదేపదే వేసి చెరిపితే వాటిల్లో ఒకటి అదృష్టం కొద్దీ కుదురుతుంది తప్ప చెయ్యి ఏమీ నేర్చుకోదు. రోజూ పది నిమిషాలు ఒకే లేయరు (బొమ్మలో ఒకదానిమీద ఒకటి పరిచే పారదర్శకమైన పొరల్లో ఒకటి) మీద, అన్‌డూ ముట్టకుండా గీస్తే తడబాటు తగ్గుతుంది.

మొదటి డిజిటల్ బొమ్మ ప్రింటు మసగ్గా ఉంది. కాన్వాసు, అంటే కంప్యూటర్‌లో గీసే కాగితం, 800×600 పిక్సెళ్లు. దాన్ని ఏ4 కాగితం నిండా అచ్చేస్తే అంగుళానికి 70 పిక్సెళ్లు కూడా రావు. 300 డీపీఐ, అంటే అంగుళానికి 300 కావాలంటే ఏ4కి 2480×3508 పెట్టుకుని మొదలుపెట్టాలి, గీశాక సైజు పెంచితే మసక పెద్దదవుతుంది, అంతే. ఆ బొమ్మలోనే గీతకీ రంగుకీ మధ్య సన్నటి తెల్ల అంచు కూడా ఉంది. గీత అంచుల్లోని పిక్సెళ్లు సగం పారదర్శకంగా ఉంటాయి, రంగు నింపే ఫిల్ టూల్ వాటి దగ్గరే ఆగిపోతుంది. రంగు లేయరు గీతల కింద పెట్టి, ఫిల్ టూల్లో ఒకటి రెండు పిక్సెళ్లు పెరిగేలా పెడితే పోతుంది. ఉచితంగా దొరికే క్రిటా అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లోనూ ఈ సదుపాయం ఉంది.

రంగుల్లో నీడకు నలుపు కలపడం చాలాకాలం నడిచింది. చర్మం, చొక్కా, గోడ, అన్నీ మురికిపట్టినట్టే. దానికి మందు: అన్ని రంగుల మీదా ఒకే మల్టిప్లై లేయరు (కింది రంగును ముదురు చేసే పొర), అందులో లేత ఊదా, ఓపాసిటీ (పొర ఎంత గాఢంగా కనిపించాలన్నది) సగం. నీడ మారాలంటే ఆ ఒక్క లేయరు మారిస్తే చాలు. ఏడాది చివర్లో మరో మంచి అలవాటు పడింది, బొమ్మను మధ్యమధ్యలో నలుపు తెలుపులోకి మార్చి చూడటం. ఎర్ర చొక్కా, పచ్చ చెట్టు రంగుల్లో విడిగా కనిపిస్తాయి, బూడిదలో చూస్తే ఒకే ముద్ద. కాన్వాసు అద్దంలోలా తిప్పి చూసుకోవడం కూడా వచ్చింది. పక్కకి ఒరిగిన ముఖాలు ఆ తర్వాత లేవు.

ఆఖరి గ్లాసు డిజిటల్‌లో గీసింది. రెండు దీర్ఘవృత్తాలూ కుదిరాయి, నీడ బల్లకి తగిలినచోట ముదురుగా, దూరం పోయేకొద్దీ పలచగా ఉంది. వెలుతురు వచ్చే కిటికీ ఒక్కటే అయినా తెల్ల మెరుపులు మాత్రం మూడు వైపులా చల్లేసింది. గాజు అనగానే చేతికొచ్చే మోజు అది.

ఒకటి మాత్రం ఏడాదంతా తప్పించుకుంది. నిలువెత్తు మనుషులు ఎవరికీ చేతివేళ్లు లేవు, కొందరు జేబుల్లో పెట్టుకున్నారు, కొందరు వెనక్కి కట్టుకున్నారు. ఫైలుకి గుచ్చిన చీటీలో సెలవుల పని ఇదే రాశాను: ఎడమ చెయ్యి ఎదురుగా పెట్టుకోవాలి. ముందు అరచెయ్యి ఒక పలచటి పెట్టె, నాలుగు వేళ్లూ కలిపి ఒకే రేకు, బొటనవేలు విడిగా. చేతి వెనకవైపు నుంచి చూస్తే మణికట్టు నుంచి నడివేలి కొసకి దాదాపు సగంలో ఆ వేలు అరచేతిని కలిసేచోటి కణుపు వస్తుంది, అక్కడ గుర్తు పెట్టాకే వేళ్లు విడదియ్యాలి. ఒక్కోటి రెండు నిమిషాలు, రబ్బరు వాడకూడదు. టాబ్లెట్ అక్కర్లేదు, 2బీ పెన్సిలూ వాడేసిన కాగితాల వెనకవైపూ చాలు.