రెండు బనియన్లు

"చొక్కా విప్పు బాబూ" అని డాక్టరు గారు అనగానే మా మేనల్లుడు తల దించేసుకున్నాడు. విజయనగరం ఉక్కపోతలో చొక్కా కింద రెండు బనియన్లు. లోపలిది చెమటకి ఒంటికి అతుక్కుపోయింది.

14 ఏళ్ల గుంటడు. ఛాతీ ఆడపిల్లకి లాగా ఉబ్బిందని బళ్లో ఏడిపిస్తన్నారని ఈత, కబడ్డీ అన్నీ మానేశాడు.

ఆయన వేళ్లతో నొక్కి చూసి, ఇది కొవ్వు కాదు, చనుమొన కింద గ్రంథి అన్నారు. మగాళ్ల ఒంట్లోనూ ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ ఉంటుంది. ఎదిగే వయసులో టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ దానికి తగ్గట్టు పెరిగేలోపు ఇలా ఉబ్బుతుందట. చాలామందికి 6 నెలల నుంచి 2 ఏళ్లలో మందు లేకుండానే తగ్గిపోతుంది. అప్పటికీ తగ్గక గట్టిపడిపోతే మాత్రలు పెద్దగా పనిచెయ్యవు, ఆపరేషనే.

పెద్దాళ్లకొస్తే సంగతి వేరు. బీపీకీ, ఒంట్లో నీరు తగ్గడానికీ ఇచ్చే స్పైరనోలాక్టోన్ లాంటి మందులు, పాడైన కాలేయం, థైరాయిడ్ కూడా కారణం కావచ్చు. ఒక పక్కనే గట్టి గడ్డ తగిలినా, చనుమొన నుంచి రక్తం వచ్చినా వెంటనే చూపించుకోవాలి.

వాడిలో తప్పేమీ లేదని డాక్టరు గారు రెండుసార్లు చెప్పారు. అప్పుడు గానీ వాడు తలెత్తలేదు.

మొన్న పెళ్లిలో అందరి ముందూ వాడి ఛాతీ చూపించి నవ్విన మా పెద్దాళ్లకి ఈ రాత్రే ఫోన్ చేసి ఇదంతా చెప్తాను.