పడనిది చేప కాదు

పోయిన ఆదివారం మధ్యాహ్నం కావలి నుంచి మా పిన్ని ఫోన్ చేసింది. వాళ్ళ అమ్మాయికి మూడు నెలలుగా ఒళ్ళంతా దద్దుర్లు లేస్తున్నాయట. "చేపలు మాన్పించాను, రొయ్యలు మాన్పించాను, వంకాయ, గోంగూర, గుడ్డు, శనక్కాయలు అన్నీ మాన్పించాను, ఇంకేం మాన్పించాలో చెప్పమ్మే, నీకూ వచ్చింది కదా" అంది. ఇంటర్ రెండో సంవత్సరం చదివే పిల్ల, మూడు పూటలా పెరుగన్నం తిని కాలేజీకి పోతోంది. వింటుంటే నాకు కడుపులో తిప్పింది, ఎందుకంటే రెండేళ్ళ పాటు నన్ను నేను అలాగే మాడ్చుకున్నాను. ఫోన్లో చెప్పగలిగినంత చెప్పాను. పిన్నికి లింకు పంపిస్తే తీరిగ్గా చదువుకుంటుందని మిగతాది ఇక్కడ రాస్తున్నా.

మన ఇళ్ళలో ఒంటిమీద ఏది లేచినా మొదట వచ్చే మాట "ఏదో పడలేదు". కొందరి విషయంలో అది నిజమే. మా చిన్నబావకు రొయ్యలు పడవు. ఒకసారి మైపాడులో నాలుగు వేపుడు రొయ్యలు తిన్నాడు, అర్ధగంట తిరక్కముందే పెదాలు వాచి, ఒళ్ళంతా తట్లు తేలి, ఊపిరాడక ఆసుపత్రికి పరిగెత్తాల్సి వచ్చింది. రొయ్యలో ట్రోపోమయోసిన్ అనే ప్రోటీన్ ఉంటుంది, ఉడికించినా వేయించినా దాని గుణం పోదు. అసలైన తిండి అలర్జీ ఇలాగే ఉంటుంది: తిన్న కొద్ది నిమిషాల్లో, మహా అయితే ఓ రెండు గంటల్లో బయటపడుతుంది, తిన్నప్పుడల్లా వస్తుంది, తినకపోతే రాదు.

నా దద్దుర్లకు అలాంటి లెక్కేమీ లేదు. చేపల పులుసు తిన్న రోజు ఏమీ రాలేదు, ఉపవాసమున్న శనివారం నడుం చుట్టూ అట్లు పోసినట్టు లేచాయి. తెల్లవారుజామున మూడింటికి అరచేతులు, అరికాళ్ళు మండుతుంటే లేచి కూర్చునేదాన్ని. మా అవ్వ గొంగళి కప్పి పడుకోబెట్టింది, వేపాకు నీళ్ళు పోసింది, రక్తం చెడిందని కషాయం తాగించింది. పాపం ఆమె ప్రేమలో లోటు లేదు, కానీ గొంగళి వేడికీ రాపిడికీ అవి ఇంకా ఎక్కువయ్యేవి. ఒక డాక్టరు స్టెరాయిడ్ సూది వేస్తే రెండ్రోజుల్లో అన్నీ మాయం, వారం తిరిగేసరికి మళ్ళీ మొదలు. అలా ఎనిమిది నెలల్లో ఎన్ని సూదులు వేయించుకున్నానో నాకే గుర్తు లేదు, మొహం మాత్రం గుండ్రంగా ఉబ్బింది. తీవ్రంగా ఉన్నప్పుడు కొద్ది రోజులు స్టెరాయిడ్ వాడొచ్చు గానీ నెలల తరబడి దాని మీద నెట్టుకురాకూడదని నాకు ఎవరూ చెప్పలేదు.

ఆ తర్వాత నెల్లూరులోనే ఒక ల్యాబులో ఎనిమిది వేలు పెట్టి అలర్జీ ప్యానెల్, అంటే ఒకేసారి చాలా పదార్థాలకు చూసే రక్తపరీక్ష, చేయించాను. పేజీల కొద్దీ రిపోర్టు, రొయ్య పక్కన ప్లస్, డస్ట్ మైట్ (ఇంటి దుమ్ములో ఉండే కంటికి కనపడనంత పురుగు) పక్కన ప్లస్, వంకాయ పక్కన, శనగపిండి పక్కన ప్లస్. ఆ కాగితం ఫ్రిజ్ మీద అతికించి దాన్ని చూస్తూ వంట చేసుకున్నాను. పరీక్షలో ప్లస్ వచ్చిందంటే దాన్ని గుర్తుపట్టి పట్టుకోవడానికి ఒళ్ళు తయారుచేసుకునే ప్రోటీన్, యాంటీబాడీ అంటారు, అది రక్తంలో ఉందని మాత్రమే అర్థం, అది తింటే జబ్బు వస్తుందని కాదు. పైగా డస్ట్ మైట్‌లో ఉండే ట్రోపోమయోసిన్, రొయ్యలో ఉండేది దాదాపు ఒకేలా ఉంటాయి, కాబట్టి ఇంట్లోని దుమ్ముకు తయారైన యాంటీబాడీ రొయ్య పక్కన కూడా ప్లస్ చూపించొచ్చు. ఇదంతా నాకు రెండేళ్ళ తర్వాత తెలిసింది.

చివరికి పొగతోటలో ఒక చర్మ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆమె రిపోర్టు పక్కన పెట్టేసి, బాల్ పెన్ను తీసి నా మోచేతి మీద ఒక దద్దురు చుట్టూ సున్నా గీసి, "రేపు ఇదే టైముకు చూసుకోండి" అంది. మర్నాడు చూస్తే సున్నా ఉంది, లోపల దద్దురు లేదు. వేరే చోట కొత్తవి లేచాయి. మామూలుగా ఒక్కో దద్దురు ఇరవై నాలుగు గంటల్లోపు మచ్చ లేకుండా పోతుంది. ఒకటి పోతే ఒకటి వస్తూ ఆరు వారాలు దాటితే దాన్ని క్రానిక్, అంటే దీర్ఘకాలిక దద్దుర్లు అంటారు. ఒకే దద్దురు రోజు దాటినా కదలకుండా ఉండి, దురద కన్నా మంట, నొప్పి ఎక్కువై, పోయాక కమిలినట్టు మచ్చ మిగిలితే అది రక్తనాళాల వాపు కావచ్చు, అప్పుడు చిన్న చర్మం ముక్క తీసి పరీక్ష చేస్తారు. ఇంత పెద్ద తేడాను రూపాయి ఖర్చు లేకుండా పెన్నుతో కనిపెట్టొచ్చంటే నాకు నమ్మబుద్ధి కాలేదు.

అప్పటినుంచి దీని గురించి దొరికింది దొరికినట్టు చదివాను. మన చర్మంలో మాస్ట్ కణాలని ఉంటాయి. 1878లో పాల్ ఎర్లిచ్ అనే జర్మన్ శాస్త్రవేత్త, అప్పటికింకా విద్యార్థి, లోపల గింజలు గింజలుగా నిండి ఉన్న ఆ కణాలను చూసి బాగా మేసి బలిసినవనుకుని ఆ పేరు పెట్టాడు. ఆ గింజల్లో హిస్టమిన్ ఉంటుంది. కణం రెచ్చిపోయి దాన్ని బయటికి వదిలితే సన్నని రక్తనాళాల్లోంచి నీరు చర్మంలోకి ఊరుతుంది, అదే దద్దురు. (చెడిపోయిన చేపలో కూడా హిస్టమిన్ తయారవుతుంది. కానాగంతల్లాంటి చేపల్ని ఐసు లేకుండా ఎండలో ఉంచితే బాక్టీరియా దాన్ని తయారుచేస్తుంది, వండినా పోదు. అలాంటిది తిని ఒళ్ళు ఎర్రబడితే అది అలర్జీ కాదు, చేప పాడయిందంతే.)

నన్ను కదిలించింది 1921 నాటి ప్రయోగం. హైన్జ్ క్యుస్ట్నర్ అనే డాక్టరుకు చేప పడదు. ఆయన రక్తంలోని సీరమ్‌ను (రక్తం గడ్డకట్టాక పైన మిగిలే తేట నీరు) కార్ల్ ప్రౌస్నిట్జ్ అనే తోటి డాక్టరు తన చర్మంలోకి ఎక్కించుకుని, మర్నాడు అదే చోట చేప రసం ఎక్కించుకుంటే దద్దురు లేచింది. అంటే పడకపోవడం అనేది రక్తంలో ఉందన్నమాట, ఒకరి నుంచి ఇంకొకరికి ఎక్కించగలిగేంతగా. ఆ పదార్థం ఏమిటో తేలడానికి 1966 దాకా పట్టింది, ఇషిజాకా దంపతులు దాన్ని కనిపెట్టారు, ఈరోజు మనం ఐజీఈ అంటున్న యాంటీబాడీ అదే. ఇరవై ఏళ్ళ తర్వాత, 1986లో, గ్రాటన్ అనే బ్రిటిష్ డాక్టరూ ఆయన తోటివారూ నాలాంటి రోగుల సీరమ్‌ను తీసి తిరిగి వాళ్ళ చర్మంలోకే ఎక్కించారు. చేప లేదు, రొయ్య లేదు, ఏమీ కలపలేదు. అయినా కొందరిలో దద్దురు లేచింది! 1993లో హిడే, గ్రీవ్స్ వాళ్ళ బృందం దానికి కారణం చూపించింది: మాస్ట్ కణం మీద ఐజీఈ వచ్చి కూర్చునే చోటు ఒకటుంటుంది, కొందరిలో దాని మీదికే సొంత ఒంట్లో యాంటీబాడీలు తయారవుతాయి, అవి తగిలితే చాలు, ఏమీ తినకపోయినా కణం రెచ్చిపోతుంది. ఇంకొందరిలో థైరాయిడ్‌కు సంబంధించిన సొంత ప్రోటీన్ల మీద ఐజీఈ పుడుతుంది. ఇది చదివిన రాత్రి నేను చాలాసేపు ఏడ్చాను. అవ్వ రక్తమే అంది, చేపను తిట్టుకుని రెండేళ్ళు గడిపింది నేను.

డాక్టరమ్మ రాసిన పరీక్షలు నాలుగే: రక్తకణాల లెక్క, ఒంట్లో వాపు ఉందేమో చెప్పే సీఆర్‌పీ, మొత్తం ఐజీఈ, థైరాయిడ్ యాంటీబాడీ అయిన యాంటీ టీపీవో. ఆ ప్యానెల్ ఖర్చులో నాలుగో వంతు కూడా కాలేదు. నాకు టీపీవో ఎక్కువగా వచ్చింది.

మందు గురించి పిన్ని ముఖ్యంగా వినాలి. దద్దురు లేచినప్పుడు ఒక మాత్ర వేసుకుని తగ్గాక ఆపేయడం కాదు, రోజూ వేసుకోవాలి, లేవకముందే. హిస్టమిన్ పనిని అడ్డుకునే, మత్తు రాని కొత్త తరం యాంటీహిస్టమిన్లు వాడతారు. ఒక మాత్రకు లొంగకపోతే డాక్టర్ చూస్తూ నాలుగు రెట్ల దాకా పెంచొచ్చని అంతర్జాతీయ మార్గదర్శకాలే చెబుతున్నాయి. "నాలుగా!" అని నేనూ భయపడ్డాను, కానీ నెలల కొద్దీ స్టెరాయిడ్ కంటే అది చాలా మేలు. దానికీ లొంగకపోతే ఓమలిజుమాబ్ అనే ఇంజెక్షన్ ఉంది, నాలుగు వారాలకొకసారి 300 మిల్లీగ్రాములు. రక్తంలో తిరుగుతున్న ఐజీఈని పట్టేసుకుంటుంది. అమెరికాలో ఈ జబ్బుకు 2014లో అనుమతి వచ్చింది. మనలాంటివాళ్ళకు ఖరీదు ఎక్కువే. 2025లో అమెరికాలోనే డుపిలుమాబ్ అనే ఇంకో ఇంజెక్షన్‌కు, ఆ తర్వాత రెమిబ్రూటినిబ్ అనే మాత్రకు కూడా అనుమతి ఇచ్చారు. ఆ మాత్ర మాస్ట్ కణం లోపలి సంకేతాన్నే ఆపుతుంది. అది మన పొగతోట మందుల షాపుల్లోకి, మనం కొనగలిగే ధరకు రావాలని రోజూ కోరుకుంటున్నాను.

నాకు మాత్రం మూడు మాత్రలతో అదుపులోకి వచ్చింది. ఒక నోటుబుక్కు పెట్టమన్నారు: రోజూ దద్దుర్లకు సున్నా నుంచి మూడు, దురదకు సున్నా నుంచి మూడు మార్కులు, వారానికి కలిపితే గరిష్ఠం 42. నా మొదటి వారం 31. నాలుగో నెలకు 5. ఆ పుస్తకం వల్లే ఇంకోటి బయటపడింది, నడుంనొప్పికి ఐబుప్రోఫెన్ వేసుకున్న ప్రతిసారీ మర్నాడు లెక్క ఎగబాకింది. ఈ జబ్బున్న వాళ్ళలో కొందరికి అలాంటి నొప్పి మాత్రలతో ఎక్కువవుతుంది. వంకాయ కూర తిన్న రోజులకూ ఆ లెక్కకూ ఏ సంబంధమూ కనిపించలేదు. చాలామందిలో కొన్నేళ్ళకు దానంతటదే తగ్గిపోతుందట, అందాకా దాన్ని కట్టడి చేసి మామూలుగా బతకాలి.

పిన్నీ, ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం చేయొద్దు. నాలుకో గొంతో వాచినా, ఊపిరి ఆడకపోయినా, కళ్ళు తిరిగి పడిపోతున్నా నోటుబుక్కూ వద్దు, మాత్రా వద్దు, నేరుగా క్యాజువాలిటీకి తీసుకుపోవాలి.

ఆదివారం ఫోన్ పెట్టేసే ముందు పిన్ని మెల్లగా, "అయితే చేపలు పెట్టొచ్చా?" అని అడిగింది. తిన్న వెంటనే ఎప్పుడైనా వచ్చిందా అంటే, "లేదమ్మే, ఎప్పుడూ రాలేదు" అంది. అలాగైతే పెట్టు అన్నాను. డాక్టరు అపాయింట్‌మెంట్ గురువారానికి తీసుకున్నాం. నిన్న రాత్రి తొమ్మిదింటికి పిల్ల తొడ మీద దద్దురు చుట్టూ పెన్నుతో గీయించాను, ఈరోజు పొద్దున ఏడింటికి ఫోటో పంపింది. నీలం రంగు సున్నా ఒక్కటే ఉంది.