హాఫ్‌వైట్ నుంచి ముక్కుపొడి రంగు దాకా: మన ఛాయకు నప్పే ఆర్భాటం లేని రంగులు

బట్టల దుకాణంలో హాఫ్‌వైట్ అన్న ఒక్క పేరుతో చూపించే నాలుగు తానులను పక్కపక్కన పరిపించి చూడండి. ఒకటి మీగడ వైపు, ఒకటి లేత గులాబీ వైపు, ఒకటి బూడిద వైపు మొగ్గి ఉంటాయి. నాలుగోదానిలో కంటికి అందీ అందని ఆకుపచ్చ కనిపిస్తుంది. విడివిడిగా చూసినప్పుడు ఈ తేడా తెలియదు కాబట్టి, ఏది కొన్నా ఒకటే అనుకుని తెచ్చుకుంటాము. తీరా కట్టుకున్నాక ఒకదానిలో ముఖం కళగా, మరొకదానిలో జ్వరం వచ్చి లేచినట్టుగా కనిపిస్తుంది. తెలుపు, గంధం, బిస్కెట్, యాష్, కాఫీ, నేవీ బ్లూ, నలుపు వంటి న్యూట్రల్ రంగులు అందరికీ నప్పుతాయన్న మాట ఎంత ప్రచారంలో ఉందో అంత పొరపాటు కూడా. ఎర్రచీరకో పసుపు కుర్తాకో తనదైన మెరుపు ఉంటుంది. అది ముఖానికి అంతగా నప్పకపోయినా చూసేవారి కన్ను ఆ రంగు మీదే నిలుస్తుంది. ఆర్భాటం లేని రంగుకు ఆ అండ లేదు. అది చూపును నేరుగా ముఖం మీదికి పంపిస్తుంది కాబట్టి, ముఖానికి చేసే మేలూ కీడూ రెండూ స్పష్టంగా బయటపడతాయి.

ఇలా ఎందుకు జరుగుతుందో అర్థం చేసుకోవడానికి నాకు బాగా తోడ్పడినది ఒక ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త అనుభవం. మిషెల్ యూజీన్ షెవ్రూల్ 1824లో పారిస్‌లోని గోబెలిన్స్ నేతశాలలో అద్దకం విభాగానికి అధిపతిగా చేరారు. అక్కడ అద్దుతున్న నల్లదారం బలహీనంగా ఉందని, నీలం, ఊదా బట్టల మడతల్లో నీడలకు వాడినప్పుడు అది వెలిసినట్టుగా కనిపిస్తోందని ఫిర్యాదులు వచ్చాయి. ఆయన ఇతర చోట్ల అద్దిన నల్లదారాలను తెప్పించి పోల్చి చూడగా, అద్దకంలో లోపమేమీ లేదని, పక్కనున్న రంగుల వల్లనే నలుపు అలా కనిపిస్తోందని తేలింది. ప్రతి రంగూ తన పక్కనున్నదాన్ని తనకు విరుద్ధమైన రంగు వైపు నెడుతుందని 1839లో ఆయన విపులంగా ప్రకటించారు. నీలం పక్కన ఉన్నది నారింజ వైపు జరిగినట్టు, ఆకుపచ్చ పక్కన ఉన్నది ఎరుపు వైపు జరిగినట్టు కంటికి తోస్తుంది. మన మెడ దగ్గర ఉన్న బట్ట మన ముఖానికి చేసేదీ ఇదే.

అయితే బట్ట చేసే పని ఇంతటితో ఆగదు. దాని మీద పడిన వెలుతురు తిరిగి గడ్డం కిందికి, దవడల మీదికి వస్తుంది, వచ్చేటప్పుడు బట్ట రంగును వెంట తెస్తుంది. మొదటి ప్రభావం ముఖాన్ని బట్ట రంగుకు దూరంగా నెడితే, రెండోది ముఖానికి బట్ట రంగునే పూస్తుంది. రెండూ ఒకదానికొకటి ఎదురు. లేత బట్ట ఎక్కువ వెలుతురును తిప్పి కొడుతుంది కాబట్టి అక్కడ పూత గెలుస్తుంది. ముదురు బట్ట వెలుతురును మింగేస్తుంది కాబట్టి అక్కడ విరుద్ధతదే పైచేయి. అందుకే లేత రంగులలో మొగ్గు చూసుకోవాలని, ముదురు రంగులలో గాఢత చూసుకోవాలని నేను నమ్ముతాను. కింద చెప్పబోయేదంతా ఈ ఒక్క సంగతి మీదే ఆధారపడి ఉంది.

ఇక మన ఛాయ సంగతి. చర్మం రంగులో మెలనిన్‌దే ప్రధాన పాత్ర. అది నలుపు-గోధుమ రంగుల్లో ఒక రకంగాను, ఎరుపు-పసుపు రంగుల్లో మరొక రకంగాను ఉంటుంది. దానికి రక్తంలోని హీమోగ్లోబిన్ ఎరుపు తోడవుతుంది. ఈ పాళ్లు మనిషి మనిషికీ మారతాయి కాబట్టే ఒకే చామనఛాయ అనిపించే ఇద్దరిలో ఒకరి ఒళ్లు పసుపు వైపు, మరొకరిది ఎరుపు వైపు మొగ్గి ఉంటుంది. బాగా నల్లని మేనిఛాయలోనూ ఎర్రటి నలుపు, పసుపు కలిసిన నలుపు, నీలిఛాయ గల నలుపు వేరువేరుగా ఉన్నాయి. విదేశాలలో పుట్టి ఇక్కడా వ్యాపించిన నాలుగు రుతువుల వర్గీకరణ ఈ తేడాలను పట్టించుకోదు. జుట్టు, కళ్లు, చర్మం మూడింటినీ చూసి మనిషిని వసంతమనో శిశిరమనో చెప్పే ఆ పద్ధతి, నల్లజుట్టూ నల్లకళ్లూ ఉన్నవారిని ఎక్కువగా ఒకే గూటిలో వేస్తుంది. మనలో దాదాపు అందరికీ జుట్టు నలుపే, కళ్లు ముదురు గోధుమే అయినప్పుడు ఆ విభజన వల్ల తెలిసేదేముంది? మణికట్టు నరాలు ఆకుపచ్చగా ఉంటే ఒక రకం, నీలంగా ఉంటే మరొక రకం అన్న పరీక్ష కూడా ముదురు ఛాయలలో నమ్మదగినది కాదు. అక్కడ నరాలు సరిగా కనిపించవు, కనిపించినా ఆ రెండు రంగులూ కలిసే ఉంటాయి.

బట్టను ముఖం పక్కన పెట్టుకుని చూడడమే అసలు పరీక్ష. దీనికి పగటి వెలుతురు కావాలి, కానీ ఎండ నేరుగా ముఖం మీద పడకూడదు. ఉదయం పూట వరండాలోనో, ఉత్తరపు కిటికీ దగ్గరో నిలబడితే సరిపోతుంది. జుట్టు వెనక్కి కట్టుకోవాలి, ముఖానికి క్రీము, పౌడరు ఏవీ ఉండకూడదు. బొట్టును, రోజూ ఒంటి మీద ఉండే బంగారాన్ని మాత్రం తీయవద్దంటాను, ఎందుకంటే మెడలో గొలుసు, చెవులకు కమ్మలు ఎప్పుడూ ఉండే మనిషికి ఆ పసుపు మెరుపు కూడా సహజమైన రంగులో భాగమే. ఒక్క బట్టనే పట్టుకుని బాగుందా లేదా అని అడిగితే కన్ను జవాబు చెప్పలేదు. రెండింటిని మార్చి మార్చి పెట్టి, ఏది మేలో అడగాలి.

మా అక్క కూతురు కొత్తగా ఉద్యోగంలో చేరబోతూ, ఆఫీసుకు యాష్ కలర్ కుర్తాలైతే హుందాగా ఉంటాయని రెండు గుడ్డలు తెచ్చి, “పిన్నీ, రెండూ యాషే కదా, ఏదైతే ఏముంది?” అని అడిగింది. “ఒకసారి అద్దం ముందు మార్చి మార్చి పెట్టుకుని చూడవే,” అన్నాను. పసుపు వైపు మొగ్గిన చామనఛాయ ఆ పిల్లది. నీలం కలిసిన లేత యాష్ గడ్డం కింద పెట్టగానే పెదవుల మూలల్లో ఉన్న కాస్త నలుపూ కళ్ల కింది ఛాయా ముందుకు వచ్చాయి, బుగ్గల మీద పలుచగా విబూది రాసినట్టయింది. మట్టి రంగు కలిసిన రెండో యాష్ పెట్టేసరికి పెదవుల సహజమైన ఎరుపు కనిపించింది, కంటి తెల్లగుడ్డు తేటపడింది. గోధుమవన్నె చర్మం ముఖమంతటా ఒకే రంగులో ఉండదు. నోటి చుట్టూ, కళ్ల కింద, నుదుటి అంచులలో అది ముదురుతుంది. నప్పని లేత రంగు ఈ తేడాలను ఎత్తి చూపుతుంది, నప్పినది వాటిని కలిపేస్తుంది. కాబట్టి చూడవలసింది బట్ట ఎంత అందంగా ఉందని కాదు, పెదవుల మూలలు ఎలా ఉన్నాయన్నది. ఆ తర్వాత అదే నీలపు మొగ్గు ఉన్న బొగ్గు రంగు దుపట్టా తీసి వేశాను. మొగ్గు పాతదే అయినా ఈసారి ముఖం వెలిగింది. లేతగా ఉన్నప్పుడు చెడగొట్టిన నీలం, ముదురులో ఒంటి రంగుకు వెచ్చదనం తెచ్చింది.

తెలుపు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన వాతావరణంలో ఎక్కువగా కట్టేదీ, తక్కువగా ఆలోచించేదీ అదే. చలువ చేయని కోరా బట్టకు పత్తి సహజపు మీగడ రంగు ఉంటుంది. శ్రీకాకుళం జిల్లా పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని శుభ్రపరిచి, సన్నని నూలు వడికి నేసే ఖద్దరులో చలువ చేయని రకాన్ని చేతిలోకి తీసుకుంటే ఆ వెచ్చదనం కంటికి తెలుస్తుంది. పసుపు మొగ్గు ఉన్న ఛాయలకు, అంటే మనలో చాలామందికి, ఇంతకంటే నప్పే తెలుపు లేదని నా అభిప్రాయం. చలువ చేసిన మిల్లు తెలుపు దీనికి భిన్నం. దానిలో కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలను గ్రహించి నీలి వెలుతురుగా మార్చే రసాయనాలు ఉంటాయి, అందువల్లనే ఎండలోకి రాగానే అది కళ్లు చెదిరేలా మెరుస్తుంది. ఎర్రటి మొగ్గు ఉన్నవారికి, నీలిఛాయ గల నల్లని ఒంటికి ఈ తెలుపు అద్భుతంగా ఉంటుంది. పెళ్లిలో కట్టే మధుపర్కాల తెలుపు అన్ని ఛాయల వధూవరులకూ చెల్లడానికి ఒక కారణం దాని అంచే. ముఖానికి దగ్గరగా వచ్చేది ఎరుపో పసుపో అయినప్పుడు తెలుపు వెనక్కి తగ్గుతుంది.

బిస్కెట్, గంధం రంగులలో ఒక్క ప్రమాదం ఉంది. బట్ట రంగు ఒంటి రంగుతో సరిగ్గా కలిసిపోతే మెడ ఎక్కడ ముగిసిందో, జాకెట్టు ఎక్కడ మొదలైందో తెలియక మనిషి మొత్తం చప్పబడిపోతుంది. ఒంటి రంగు కన్నా బాగా లేతగా గానీ, బాగా ముదురుగా గానీ ఉన్నదాన్ని ఎంచుకుంటే ఈ చిక్కు రాదు. గోధుమవన్నె వారు గోధుమ రంగు కట్టకూడదన్న మాటను నేను ఒప్పుకోను. కాఫీ, ముక్కుపొడి, పొగాకు రంగులు చామనఛాయ మీద పలికినంత నిండుగా మరే ఛాయ మీదా పలకవు, కావలసిందల్లా ఆ గాఢతలో తేడా. పెడన కలంకారీ బట్టలలో కరక్కాయ పట్టించిన నేలరంగు ఈ తరగతిలోదే. దాని మీద బెల్లం, ఇనుము ఊరబెట్టిన కషాయంతో వేసే నలుపు గీతలు ఉండడం వల్ల ఆ లేత గంధం రంగు ఒంటితో కలిసిపోదు.

నేవీ బ్లూ దాదాపు అందరికీ చెల్లుతుంది. నలుపు విషయంలో మాత్రం ఒక పాత మాటను ఖండించాలి. నల్లగా ఉన్నవారు నలుపు కట్టకూడదని, లేత రంగులు కడితే కాస్త తెల్లగా కనిపిస్తారని పెద్దలు చెప్పడం, దుకాణాలవారు “మీ ఛాయకు ఇది వద్దులెండి” అంటూ చీర మడిచేయడం ఇంకా జరుగుతూనే ఉన్నాయి. ఈ సలహా కంటికి కనిపించే నిజానికి విరుద్ధం. ముదురు ఒంటి పక్కన తేలిపోయిన లేత రంగు పెడితే ఒళ్లు మరింత ముదురుగా, బట్ట మరింత వెలిసినట్టుగా కనిపిస్తాయి. అదే ఒంటి మీద నిండు నలుపు వేస్తే చర్మంలోని ఎరుపు, రాగి మెరుపు పైకి వస్తాయి, కళ్లూ పళ్లూ మెరుస్తాయి. తెల్లగా కనిపించడం కోసం రంగు ఎంచుకునే మనిషి తన ముఖాన్ని దాచుకునే బట్టనే కొంటుందని, అది ఆమెకు జరిగే అన్యాయమని నేను గట్టిగా నమ్ముతున్నాను. నలుపు నిజంగా ఇబ్బంది పెట్టేది జుట్టు నెరిసి, ముఖం కొంత వడలిన వయసులో. అప్పుడు దాని బదులు బొగ్గు రంగో నేవీనో మెడ దగ్గర ఉంటే మేలు. ఆ వయసుకే యాష్ రంగులు కొత్తగా నప్పుతాయి, ఎందుకంటే నెరిసిన జుట్టులో ఉన్న రంగే బట్టలోనూ ఉంటుంది.

దుకాణంలో ఈ పరీక్షంతా కుదరదు. అక్కడి దీపాలు చాలావరకు 6500 కెల్విన్ (దీపపు వెలుతురు రంగుకు కొలత) దరిదాపుల్లో ఉండే నీలపు తెల్లదీపాలు, పట్టుచీరల అరల మీద మాత్రం 3000 కెల్విన్‌కు దగ్గరగా ఉండే పసుపు దీపాలు. మొదటి రకం కింద మీగడ రంగు చప్పగా, రెండో రకం కింద ప్రతి తెలుపూ మీగడగా కనిపిస్తాయి. అడిగితే గుమ్మం దాకా తీసుకెళ్లి చూసుకోనిస్తారు, మొహమాటపడనవసరం లేదు. మనకు నప్పిందని రూఢి అయిన తెలుపు జాకెట్టు గుడ్డ నుంచి జానెడు ముక్క చేతిసంచిలో ఉంచుకుంటే, కొత్త బట్టను దాని పక్కన పెట్టి మొగ్గు తేల్చవచ్చు. ఫోను తెర మీద చూసి తెప్పించుకునేవారు లేత రంగుల జోలికి పోకుండా ముదురు రంగులకే పరిమితమైతే నిరాశ తక్కువ.

నప్పని రంగు ఇప్పటికే బీరువాలో ఉంటే పారేయనక్కరలేదు. ముఖానికి దూరంగా, అంటే ప్యాంటుగానో సల్వారుగానో వాడితే దాని ప్రభావం పోతుంది. చీర అయితే జాకెట్టు మార్చాలి: నీలపు యాష్ చీరకు ముక్కుపొడి రంగు జాకెట్టు, మిల్లు తెలుపుకు మెరూన్ జాకెట్టు వేస్తే మెడ దగ్గర ఉండేది మనకు నప్పిన రంగే అవుతుంది. మగవారి తెల్లచొక్కాకు ఆ పని కండువా చేస్తుంది. ఇక ఏరి తెచ్చుకున్న మీగడ రంగును కాపాడుకోవడం ఉతికేవారి చేతిలో ఉంది. నాలుగు ఉతుకులు నీలిమందులో ముంచితే కోరా ఖద్దరు కూడా మిల్లు తెలుపు వైపు జరిగిపోతుంది, మెరుపు తెచ్చే డిటర్జెంటు పొడులూ అదే పని చేస్తాయి. కుంకుడుకాయ రసంలోనో, మెరుపు రసాయనం లేని సబ్బులోనో విడిగా ఉతికి, నీడలో ఆరవేసి, గంజి పెట్టేటప్పుడు అందులో నీలిమందు కలపవద్దని ముందే చెప్పాలి.