ససేమిరా

గురువారం, రాత్రి పదిన్నర

పొద్దున్నే అన్నయ్య ఫోన్. "అమ్మ ససేమిరా అంటోందిరా, నువ్వైనా చెప్పి చూడు." కంట్లో శుక్లం ముదిరిందని డాక్టరు చెప్పి నాలుగు నెలలైంది. బియ్యంలో రాళ్ళు కనబడక చేత్తో తడిమి ఏరుతోందట. ఆపరేషన్ మాటెత్తితే మాత్రం లేచి వంటింట్లోకి వెళ్ళిపోతుంది.

ఆఫీసు బస్సులో కూర్చున్నా ఆ మాటే బుర్రలో తిరిగింది. 'ఇష్టం లేదు' అంటే బతిమాలొచ్చు. 'మనసొప్పడం లేదు' అంటే రెండ్రోజులాగి మళ్ళీ అడగొచ్చు. ససేమిరా అన్నారంటే తలుపేసి గడియ పెట్టినట్టే.

నిజానికి ఆ నాలుగక్షరాల్లో 'వద్దు' ఎక్కడా లేదు. విక్రమార్కుడి కథల్లోది అది, చిన్నప్పుడు తాతయ్య చెప్పేవాడు. పులి తరిమితే రాజకుమారుడు చెట్టెక్కుతాడు. పైన ఎలుగుబంటి. భయం లేదు, నా ఒళ్ళో పడుకో అంటుంది. వాణ్ణి కిందికి తోసెయ్యమని పులి ఎంత అడిగినా వినదు. ఎలుగు నిద్రపోయే వంతు వచ్చేసరికి, పులి మాట నమ్మి వీడు దాన్ని తోసేస్తాడు. అది కొమ్మ పట్టుకుని బతికి, శాపం పెడుతుంది. ఇక వాడి నోట ససేమిరా తప్ప మరో మాట రాదు. చివరికి ఒక పండితుడు తెర చాటు నుంచి నాలుగు శ్లోకాలు చదువుతాడు. 'సద్భావ' అని మొదలయ్యేది ఒకటి, 'సేతుం' అని ఒకటి, తర్వాత 'మిత్రద్రోహీ', 'రాజన్'. శ్లోకానికో అక్షరం రాలిపోతుంది. ససేమిరా, సేమిరా, మిరా, రా... తాతయ్య ఒక్కో వేలూ మడిచేవాడు.

కథలో కాదన్నది ఎలుగుబంటి. మనకి మిగిలింది మాత్రం రాజకుమారుడి మాట. అది మొండివాడి మాట కాదు, లోపల ఏదో అడ్డుపడి ఇంకేమీ చెప్పలేకపోయిన వాడిది.

సాయంత్రం అమ్మకి ఫోన్ చేశాను. ఆపరేషన్ ఊసెత్తకుండా మాట్లాడుతూ కూర్చున్నా. తనే ఎత్తింది. డబ్బు దండగంది. పండగ వెళ్ళనీ అంది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మా అమ్మకి చేసినప్పుడు కళ్ళకి కట్లు కట్టి, తల కదపకూడదని రోజుల తరబడి పడుకోబెట్టార్రా. రాత్రంతా నా చెయ్యి వదిలేది కాదు" అంది. ఇన్నేళ్ళలో ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు చాలామందిని అదే రోజు ఇంటికి పంపేస్తున్నారని చెప్పాను. ఊఁ కొట్టింది.

"సరే, ముందు నువ్వు రా."

శనివారం బండికి టికెట్ తీసుకున్నాను.