రేడియో వద్దు, ఏడు లీటర్ల ఇంజను కావాలి

శనివారం.

ఉదయం ఎనిమిదింటికే మామగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, బూట్లు తొడుక్కుని హాల్లో సిద్ధంగా కూర్చున్నారు. పాత కార్లు చూడడానికి వెళ్దామని నేను మాటవరసకు అన్నాను. ఆయన అంత గట్టిగా పట్టుకుంటారని అనుకోలేదు. తెనాలి నుంచి వచ్చింది మొదలు ఆయన చూసిన మిషిగన్ అంటే నోవైలోని వెంకటేశ్వరస్వామి గుడి, మన సరుకులు దొరికే కొట్టు, మా కాలనీ చుట్టూ తిరిగే నడకబాట. ఏళ్ల తరబడి అంబాసిడర్ నడిపిన మనిషిని డెట్రాయిట్ దాకా తీసుకొచ్చి టీవీ ముందు కూర్చోబెట్టడం అన్యాయమే.

పక్కింటి పెద్దాయన కూడా మాతో వచ్చారు. 1960ల చివర్లో ఫ్లింట్‌లోని కార్ల ఫ్యాక్టరీలో చేరి అక్కడే రిటైరైన మనిషి. దారి పొడవునా వుడ్‌వర్డ్ అవెన్యూ కథలే చెప్పారు. ఆ రోజుల్లో రాత్రిపూట ఈ రోడ్డు మీద సిగ్నల్ నుంచి సిగ్నల్‌కు పందేలు జరిగేవట. కార్ల కంపెనీల ఇంజనీర్లు కూడా కొత్త ఇంజన్లను ఇక్కడికే తెచ్చి గుట్టుగా పరీక్షించుకునేవారని ఇప్పటికీ చెప్పుకుంటారు. 1995 నుంచి ఏటా ఆగస్టు మూడో శనివారం ఇక్కడ డ్రీమ్ క్రూజ్ పేరుతో పాత కార్ల పెద్ద జాతర జరుగుతుంది. ఆ రోజు మాత్రం నేను అటు వెళ్లను. జనం ఎక్కువ, నీడ తక్కువ. వేసవిలో మామూలు శనివారాల్లో ఏదో ఒక పార్కింగ్ స్థలంలో పాతిక ముప్పై కార్లు చేరతాయి. మడత కుర్చీలు, ఫ్లాస్కులు, తీరని వాదాలు. నాకు అవే ఇష్టం.

మామగారు ఎర్ర జీటీవో పక్కన ఒక ఫొటో, నీలం కార్వెట్ పక్కన ఒక ఫొటో తీయించుకున్నారు. చివరి వరుసలో ఒక తెల్ల కారు చుట్టూ జనం మూగి ఉండడం చూసి ఆగిపోయారు.

“అల్లుడుగారూ, దీన్ని ఇంతమంది చూస్తున్నారేమిటి? గవర్నమెంటు బండిలా ఉందే!”

ఆయన కన్ను సరిగ్గానే పట్టింది. అది 1966 షెవ్రొలెట్ బిస్కేన్. ఆ ఏడాది పెద్ద షెవ్రొలెట్లలో అన్నిటికన్నా చవకైనది అదే. దాని పైన బెల్ ఎయిర్, ఆ పైన ఇంపాలా, అందరి నెత్తినా క్యాప్రిస్. పోలీసు శాఖలు, టాక్సీల వాళ్లు, ఒకేసారి పది బళ్లు కొనే ఆఫీసులు బిస్కేన్ తీసుకునేవారు. ఇది రెండు తలుపుల సెడాన్, పక్క అద్దాల మధ్య స్తంభం ఉన్న రకం. మెరుపులు తక్కువ. చక్రాలకు గిన్నె మూతల్లాంటి చిన్న క్యాపులు. అయితే ముందు చక్రం పైనుండే రేకు (ఫెండర్) మీద ఒకదానికొకటి అడ్డంగా పెట్టిన రెండు జెండాల బొమ్మ, దానితోపాటు 427 అనే అంకె. జనం మూగింది ఆ అంకె కోసం.

427 ఘనపు అంగుళాలంటే ఏడు లీటర్లు. ఇందులో ఉన్నది ఎల్72 అనే రకం, 425 హార్స్‌పవర్. ఇదే ఇంజనుకు కార్వెట్‌లో మొదట 450 అని ముద్రించి, తర్వాత 425కి దించారు. లోపల ఇంజను అదే, కాగితం మీద అంకె మాత్రం తగ్గింది. మామగారికి హార్స్‌పవర్ లెక్కలు చెప్పి లాభం లేదని ఇంకో దారి పట్టాను. ఏడు లీటర్లను ఎనిమిది సిలిండర్లకు పంచితే ఒక్కోదానికి దాదాపు 875 సీసీ. మారుతి 800 ఇంజను మొత్తం కలిపి 796.

“అంటే ఒక్కో సిలిండరూ ఒక మారుతి కంటే పెద్దదా!” అని ఆయన బానెట్ వైపు భక్తిగా చూశారు.

కిటికీలోంచి లోపలికి తొంగిచూశాం. ముందు సీటు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకటే బెంచీ. కింద తివాచీ లేదు, నల్ల రబ్బరు మ్యాటు. దాన్ని చీల్చుకుని నాలుగు గేర్ల రాడ్డు పైకి వచ్చింది. రేడియో ఉండాల్సిన చోట ఒక రేకు మూత. హీటరూ లేదు. అప్పట్లో హీటర్ వద్దంటే ధరలో కొంత తగ్గించేవారు. ఈ ఇంజనుతో ఏసీ ఇవ్వడం ఎలాగూ లేదు. ఇంజను గొప్పదే, కానీ నాకు ఈ వద్దన్న వస్తువుల జాబితా ఇంకా నచ్చింది. డీలర్ బల్ల ముందు కూర్చుని ఒక్కొక్కటీ కొట్టేయించుకుంటూ పోయి, మిగిల్చిన ప్రతి డాలరూ ఇంజనులో పోసిన మనిషెవరో! ఇప్పుడు అలా కుదరదు. మొన్న నేను కారు కొన్నప్పుడు వేడెక్కే స్టీరింగ్ కావాలంటే పైకప్పు అద్దం కూడా తీసుకోవాల్సిందే అన్నారు. మెడ కాలుతుందని ఆ అద్దం నేను ఇంతవరకు తెరవనేలేదు.

ఇంతలో వాదం మొదలైంది. ఎర్ర టోపీ పెట్టుకున్న ఒకాయన, ఇది పుట్టుకతో 427 కాదు, మామూలు బిస్కేన్‌లో తర్వాత ఎవరో ఆ ఇంజను దించారు అన్నాడు. యజమానికి కోపం రాలేదు. ఈ ప్రశ్న అలవాటైపోయినట్టుంది. డ్రైవర్ వైపు తలుపు తెరిచి స్తంభానికి ఉన్న నంబరు రేకు చూపించాడు. 15411తో మొదలయ్యే నంబరు. 1 అంటే షెవ్రొలెట్, 54 అంటే వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజను, ఉన్న బిస్కేన్, 11 అంటే రెండు తలుపుల సెడాన్. ఆరు సిలిండర్లదైతే 54 బదులు 53 ఉండేది. ఆ తర్వాతి 6 సంవత్సరం, ఎఫ్ అంటే ఫ్లింట్. ఆ అక్షరం చూడగానే మా పెద్దాయన ముఖం వెలిగిపోయింది. కానీ టోపీ ఆయన వదల్లేదు. ఆ ఏడాది 283 ఇంజను ఉంది, 327 ఉంది, 396 ఉంది, అవన్నీ వీ8లే, ఏదని ఈ నంబరు చెబుతుంది? అదీ నిజమే, చెప్పదు.

ఇక ఇంజనే చెప్పాలి. కుడివైపు సిలిండర్ హెడ్ ముందు అంగుళంన్నర వెడల్పున చదునైన చోటు ఒకటి ఉంటుంది. యజమాని గుడ్డతో జిడ్డు తుడిచి, ఫోను లైటు వాలుగా వేసి పట్టుకున్నాడు. ముందు టీ అక్షరం, అంటే న్యూయార్క్ రాష్ట్రంలోని టొనవాండా ఫ్యాక్టరీ. తర్వాత నెల, తేదీ, చివర ఇంజను రకం తెలిపే అక్షరాలు. తేదీ ఫిబ్రవరి చివరిది. బానెట్ కింద గోడకున్న బాడీ రేకు మీద మార్చి రెండో వారం. ఇంజను ముందు, కారు తర్వాత, మధ్యలో కొద్ది రోజులు. లెక్క కుదిరింది. దొంగ ముద్రలు వేసేవాళ్లకు లెక్కలు రావా అని టోపీ ఆయన. అప్పుడు పెద్దాయన కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, దగ్గరగా వంగి, ఆ చదును మీద గోరుతో మెల్లగా గీశారు. ఫ్యాక్టరీ యంత్రం ఇనుమును కోసినప్పుడు పడిన సన్నని గీతలు, అన్నీ ఒకే దిక్కున, అంకెల కింద కూడా ఉన్నాయి. పాత అంకెలు చెరిపి కొత్తవి కొట్టాలంటే ముందు సానపట్టాలి. సానపడితే ఆ గీతలు పోతాయి. టోపీ ఆయన ఇంకేమీ అనలేదు. ఒప్పుకోనూ లేదు, కాఫీ కోసం వెళ్లాడు.

కారులో ఏమేం వేశారో రాసిన ఫ్యాక్టరీ కాగితం ఒక్కటి దొరికితే ఈ గొడవే ఉండేది కాదు. పాంటియాక్ కార్లున్న వాళ్లకు ఈ బాధ లేదు, వాటి ఇన్వాయిస్ కాపీలు ఇప్పటికీ తెప్పించుకోవచ్చు. షెవ్రొలెట్లున్న వాళ్లు మాత్రం ఆ కాగితం కోసం పెట్రోలు ట్యాంకు పైన, సీటు స్ప్రింగుల మధ్య వెతుక్కోవాలి. ఈయన వెతికితే స్ప్రింగుల్లో ఎలుక గూడు కనిపించిందట. కాగితంతోనే కట్టుకుందట.

అసలు వింత డాష్‌బోర్డు కింద ఉంది. పేపరు రుమాళ్లు పెట్టుకునే రేకు పెట్టె, బయటికి లాగితే ఒక పక్కకు వాలుతుంది. అప్పట్లో డీలర్లు అమ్మిన అదనపు సరుకు. రేడియో వద్దు, హీటర్ వద్దు, తివాచీ వద్దు, రుమాళ్ల పెట్టె మాత్రం కావాలి! ఇంజను గురించి జరిగిన వాదం కంటే దీని గురించి జరిగినది బాగుంది. భార్యతో రాజీ అని ఫ్లాస్కు పట్టుకున్న ఒకావిడ. డీలర్ ఉచితంగా అంటగట్టి ఉంటాడని పెద్దాయన. కొన్నవాడికే పడిశం బాధ ఉండి ఉంటుందని నేను.

“పడిశం మనిషి ఈ చలిదేశంలో హీటర్ వద్దంటాడా?” అన్నారు మామగారు. నేను ఇంగ్లీషులో చెప్పగానే అందరూ నవ్వారు. హీటర్ వద్దన్నాకే పడిశం పట్టి ఉంటుందని ఆ ఆవిడ తేల్చేశారు.

పదకొండు దాటాక యజమాని ఇంజను స్టార్ట్ చేశాడు. కాళ్ల కింద తారు అదిరింది. ఆ గర్జన వెనక టకటకమని ఇంకో చప్పుడు. మామగారు చెయ్యెత్తి, “ట్యాపెట్లు కొట్టుకుంటున్నాయి, సెట్టింగ్ చేయించమనండి” అన్నారు. అంబాసిడర్ మనిషి కదా, ట్యాపెట్ల సందు కొలిచే ఫీలర్ గేజ్ పట్టిన చెయ్యి. ఎల్72లో ఉన్నవి సాలిడ్ లిఫ్టర్లనే గట్టి రకం ట్యాపెట్లు, వాటికి కొద్దిపాటి సందు ఉండాలి, ఆ చప్పుడు మామూలే. యజమానికి ఈ మాట చేరవేస్తే పొంగిపోయాడు. చప్పుడు విని భయపడినవాళ్లే తప్ప, అది ఎక్కడిదో చెప్పినవాళ్లు తక్కువట. మామగారిని పిలిచి డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టాడు. ఆయన బెంచీ సీటును అరచేత్తో తట్టి, క్లచ్ తొక్కి, “అబ్బో!” అన్నారు. ఆ తర్వాత ఏ తెలుగువాడైనా అడిగే ప్రశ్నే అడిగారు: ఎంత ఇస్తుంది?

మెల్లగా వెళ్తే గ్యాలన్‌కు ఎనిమిది మైళ్లట. లీటరుకు మూడున్నర కిలోమీటర్లని నేను మార్చి చెప్పాను. మామగారు వెంటనే సీట్లోంచి దిగిపోయారు.

రాత్రి భోజనాలయ్యాక తెనాలిలో ఉన్న స్నేహితుడికి ఫోను చేశారు. అక్కడ అప్పుడే తెల్లవారింది. ఒక్కో సిలిండరూ ఒక మారుతి అని మొదలుపెట్టి, పది నిమిషాల్లో ఒక్కో సిలిండరూ ఒక అంబాసిడర్ దాకా తీసుకెళ్లారు. నేను కల్పించుకోలేదు. అవతలి నుంచి ఏదో ప్రశ్న వచ్చింది.

“ఏసీ లేదు,” అన్నారు మామగారు. కాసేపు విని, “హీటరూ లేదు... రేడియో కూడా లేదయ్యా... ఎందుకు లేదంటే ఏం చెప్పను, కొన్నవాడే వద్దన్నాడు!” అని విసుగ్గా ఫోను నా చేతికిచ్చారు. “మీరే చెప్పండి అల్లుడుగారూ, వాడికి రుమాళ్ల పెట్టె సంగతి కూడా చెప్పండి.”