పాత సౌండ్ కార్డు మళ్లీ పలికిన వైనం

2001లో సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ల బజారులో కొన్న సౌండ్ బ్లాస్టర్ లైవ్ 5.1 కార్డు, ఇంట్లో మూడు కంప్యూటర్లు మారిన తర్వాత కూడా అట్టపెట్టెలో భద్రంగా ఉండిపోయింది. నిరుడు దానితో మళ్లీ పని పడింది. శ్రీరామనవమి పందిళ్లలో మా నాన్నగారు టేప్ రికార్డరుతో పట్టుకున్న హరికథల క్యాసెట్లు పద్నాలుగు ఉన్నాయి. వాటిని కంప్యూటరులోకి ఎక్కించాలంటే స్టీరియో లైన్ ఇన్, అంటే బయటి పరికరం నుంచి రెండు చానళ్ల ధ్వనిని లోపలికి తీసుకునే జాక్, కావాలి. నా ల్యాప్‌టాప్‌కు ఇయర్‌ఫోనుకూ మైకుకూ కలిపి ఉన్నది ఒకే జాక్, అందులోనూ మైకు వైపు ఒక్క చానలే. పాత కార్డుకు లైన్ ఇన్ ఉంది, దాన్ని బిగించడానికి పీసీఐ స్లాటు (అదనపు కార్డులను గుచ్చే పాతరకం గాడి) ఉన్న కోర్ 2 డ్యుయో డెస్క్‌టాప్ కూడా అటక మీద ఉంది.

మొదట నేను చేసిన పని తెలివైనది కాదు. ఆ డెస్క్‌టాప్‌లో ఉన్నది 64 బిట్ ఆపరేటింగ్ సిస్టమ్. కార్డుతో వచ్చిన సీడీలో ఉన్నవి 32 బిట్ కాలపు డ్రైవర్లు, అంటే కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్. 64 బిట్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) 32 బిట్ డ్రైవరును లోపలికి రానివ్వదని తెలిసి కూడా, ఏదో ఒకటి కుదరకపోతుందా అని ఒక సాయంత్రమంతా వృథా చేశాను. మర్నాడు డిస్కు తుడిచి డెబియన్ 12 అనే లైనక్స్ ఎక్కించాను.

ఎల్‌ఎస్‌పీసీఐ అనే, పీసీఐ పరికరాల జాబితా చూపే ఆదేశం ఇవ్వగానే కార్డు పేరు, 1102:0002 అనే గుర్తింపు సంఖ్య తెరపై కనిపించాయి. ఈ సంఖ్యను చూసుకోవడం ముఖ్యం, ఎందుకంటే లైవ్ అనే పేరు మీద అమ్మిన కార్డులన్నీ ఒకటి కావు. అసలు లైవ్ కార్డులలో ఉండేది ఎము10కె1 చిప్. కొన్ని కంప్యూటర్లతో పాటు వచ్చిన ఎస్‌బీ0200 కార్డులో ఎము10కె1ఎక్స్ అనే వేరే చిప్ ఉంటుంది, లైవ్ 24 బిట్ కార్డుకైతే మూడో డ్రైవరు కావాలి. నా కార్డు మొదటి రకం కనుక దాని డ్రైవరు దానంతట అదే ఎక్కింది. నేను దింపుకోవలసినది గాని, ఎక్కించవలసినది గాని ఏమీ లేదు.

ఇది ఎలా సాధ్యమైందో చెప్పుకోవాలి. ఈ చిప్‌కు లైనక్స్ డ్రైవరు మూలకోడ్‌ను దాని తయారీదారు 1999లోనే జీపీఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సు కింద విడుదల చేశారు. జరోస్లావ్ కిసెలా 1998లో మొదలుపెట్టిన అల్సా 2002లో 2.5 కెర్నల్‌లో చేరి, 2003 డిసెంబరులో వచ్చిన 2.6 నాటికి లైనక్స్‌కు ప్రధాన ధ్వని వ్యవస్థ అయింది; అందులో ఈ చిప్‌కు డ్రైవరు ఉంది. కెర్నల్‌లో ఒక కట్టుబాటు ఉంది: లోపలి అమరికను ఎవరు మారుస్తారో, దాని మీద ఆధారపడిన డ్రైవర్లన్నిటినీ సరిచేసే బాధ్యత వారిదే. నా కార్డు ఇన్నేళ్లూ చెల్లుబాటైంది ప్రధానంగా ఈ కట్టుబాటు వల్లనేనని నా అభిప్రాయం. పైగా 2023లో కూడా ఈ డ్రైవరుకు చెప్పుకోదగ్గ సవరణలు జరిగాయి. ఈ కోడ్‌ను తిరగేస్తుంటే ఒక ముచ్చట కంటపడింది. ఎము10కె1 చిప్‌కు 31 బిట్ల చిరునామాలే తెలుసు, అంటే 2 జీబీకి పైన ఉన్న మెమొరీ దాని కంటికి ఆనదు. నా డెస్క్‌టాప్‌లో 4 జీబీ ఉంది. డ్రైవరు ఈ పరిమితిని కెర్నల్‌కు ముందే విన్నవించుకుంటుంది, కెర్నల్ ధ్వని బఫర్లను (ధ్వనిని తాత్కాలికంగా ఉంచే మెమొరీని) ఆ గీత కిందనే కేటాయిస్తుంది.

అయితే డ్రైవరు ఎక్కడం వేరు, శబ్దం రావడం వేరు. స్పీకర్లు తగిలించి పరీక్షిస్తే చడీచప్పుడూ లేదు. ఏప్లే ఆదేశం చూపే ధ్వని కార్డుల జాబితా చూస్తే మదర్‌బోర్డులోని ధ్వని చిప్ మొదటి కార్డుగా, నాది రెండవదిగా ఉన్నాయి. సెట్టింగులలో అవుట్‌పుట్ మార్చాను. అప్పటికీ నిశ్శబ్దమే. శబ్ద స్థాయిలను సరిచేసే అల్సామిక్సర్ తెరిచి, ఎఫ్6 నొక్కి లైవ్ కార్డును ఎంచుకుంటే, పక్కకు జరిపినకొద్దీ తరగని మీటలు బయటపడ్డాయి. మాస్టరు, పీసీఎం (కంప్యూటరు వాయించే ధ్వని స్థాయి) రెండింటినీ పెంచాను, మ్యూట్ తీశాను, ఫలితం లేదు. రెండు రాత్రులు కేబుళ్లను అనుమానించి, స్పీకర్లను అనుమానించి, చివరికి కార్డే కాలం చేసిందని తీర్మానించుకోబోతుండగా, ఆ వరుసలో దూరంగా ఉన్న 'ఎస్‌బీ లైవ్ అనలాగ్/డిజిటల్ అవుట్‌పుట్ జాక్' అనే మీట మీద దృష్టి పడింది. అది తెరిచి ఉంటే కార్డు డిజిటల్ సంకేతం పంపే స్థితిలో ఉంటుంది. మిగిలిన మీటలకు మ్యూట్ తీయాలి, దీనికి మాత్రం మ్యూట్ పెట్టాలి! కీబోర్డు మీద ఎమ్ నొక్కగానే స్పీకర్లలో ఒక చిన్న టక్కు వినిపించి, వెనువెంటనే పరీక్ష శబ్దం మోగింది.

రికార్డింగు అంత ఇబ్బంది పెట్టలేదు. ఎఫ్4తో క్యాప్చర్ తెరకు వెళ్లి, లైన్ దగ్గర స్పేస్ నొక్కి, నీలిరంగు జాక్‌లో క్యాసెట్ డెక్కు తీగ పెట్టాను. ఈ చిప్ లోపల అంతా సెకనుకు 48,000 నమూనాల వేగంతోనే నడుస్తుంది కాబట్టి, సీడీ పద్ధతిలో 44,100 పెట్టి అనవసరపు మార్పిడికి గురిచేయకుండా 48,000 వద్దనే, 16 బిట్లలో రికార్డు చేశాను. 45 నిమిషాల ఒక వైపుకు దాదాపు 518 మెగాబైట్లు అవుతాయి. మీటల స్థితి పోకుండా అల్సాసీటీఎల్ స్టోర్ ఆదేశంతో భద్రపరచుకున్నాను.

పన్నెండు క్యాసెట్లు పూర్తయ్యాయి. రెండింటిలో టేపు అంటుకుపోయి తిరగడం లేదు, వాటి సంగతి వేరే చూడాలి. ఇప్పుడు నా బెంగ డ్రైవరు గురించి కాదు, ఆ మదర్‌బోర్డు గురించి. కొత్త బోర్డులలో పీసీఐ స్లాటు దొరకడం కష్టం గనుక, పీసీఐ ఎక్స్‌ప్రెస్ నుంచి పీసీఐకి మార్చే అడాప్టరు ఒకటి ముందుజాగ్రత్తగా తెప్పించి పెట్టుకున్నాను. దానిలో ఈ కార్డును ఇంకా బిగించి చూడలేదు.